సూరత్‌లో గంధం పులియబెట్టిన ఎనిమిది రోజులు

సూరత్ వెళ్ళొచ్చానని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఏం తిన్నావు?" చీరలు తెచ్చావా అన్నది రెండోది. చీరలు తేలేదు. తిన్నవి మాత్రం వరసపెట్టి ధరలతో సహా చెప్పగలను. రుచి ఎలా ఉందని మాత్రం నన్నడక్కండి. కరోనా వచ్చి తగ్గి మూడు నెలలైనా నా ముక్కు పని మొదలుపెట్టలేదు. ముక్కు పోతే నాలుకకు మిగిలేది ఉప్పు, పులుపు, తీపి, చేదు, కాస్త కారం మంట. కాఫీ అంటే వేడి చేదు నీళ్ళు. మా అమ్మ పంపిన ఆవకాయ ఉప్పు మంట. ఇలాంటిదాన్ని, తిండికి పేరుమోసిన ఊరికి వెళ్ళాను. వెళ్ళిన పని ఏమిటంటారా? వాసన చూడడం!

కాస్త వెనక్కి వెళ్ళి చెబుతాను. హైదరాబాద్ శివార్లలో ఒక అద్దె షెడ్డులో నేనూ నా స్నేహితురాలు సుజాతా ఒక చిన్న ప్రయోగశాల నడుపుతున్నాం. గంధం చెట్టు ముదిరి చేవదేరితే గానీ వాసన ఇవ్వదు. దానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. ఆలోగా ఎవడో ఒకడు దాన్ని నరుక్కుపోతాడు. అందుకని చెట్టు తన ఒంట్లో ఆ వాసనను వండుకునే పద్ధతిని మేము ఈస్ట్‌కు నేర్పాం. ఈస్ట్ అంటే కంటికి కనపడని ఒక జీవి. బన్ను పొంగించేదీ అదే, కల్లు పులియబెట్టేదీ అదే. దానికి చెట్టు జన్యువులు నాలుగు తొడిగితే, చక్కెర తిని గంధం ఇస్తుంది. గాజు కుప్పెలో ఇచ్చింది. పెద్ద ట్యాంకులో ఇస్తుందా లేదా అన్నదే మా ప్రాణసంకటం.

సూరత్‌లో హస్ముఖ్‌భాయ్ అని ఒకాయన బట్టలు మెత్తబరిచే మందులు తయారుచేసే చిన్న కార్ఖానా నడుపుతాడు. తన దగ్గరున్న రెండు వందల లీటర్ల ట్యాంకును ఎనిమిది రోజులు మాకు వదిలేస్తానన్నాడు. చివరిరోజు ఆయనకు తెలిసిన అత్తరు వ్యాపారి ఫిరోజ్ సాబ్ వాసన చూస్తాడు. ఆయన "ఇది గంధమే" అంటే ఇద్దరూ కలిసి మా సరుకు తయారుచేస్తారు. కాదంటే నెలాఖరుకు మా షెడ్డు ఖాళీ. సుజాతకు ఏడో నెల, కాబట్టి కదలలేదు. "నీ ముక్కు సంగతి అక్కడ నోరు జారకు తల్లీ, పరువు పోతుంది" అని మరీ మరీ చెప్పి పంపింది.

రైల్లో టీకా దేవత

అది రెండువేల ఇరవై ఒకటి ఫిబ్రవరి. టీకాలు వచ్చాయి, వస్తున్నాయి అని ఊరంతా ఒకటే మాట. నా ఒళ్ళో చుట్టూ టేపు వేసిన థర్మాకోల్ డబ్బా, లోపల ఐసు, ఐసులో ఆరు గాజు గొట్టాలు. పైన సుజాత ఎర్ర స్కెచ్చుపెన్నుతో "కుదపరాదు" అని మూడు భాషల్లో రాసింది. ఇంకేం కావాలి!

ఎదుటి బెర్తులో సికింద్రాబాద్‌లో స్థిరపడిన గుజరాతీ దంపతులు ఉన్నారు. ఆవిడ డబ్బాను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ డబ్బాను చూసింది. గొంతు తగ్గించి "టీకానా?" అంది.

"కాదండీ, ఈస్ట్."

"అవునవును, బయటికి చెప్పకూడదు మరి" అని పెద్దగా తలూపింది. అరగంటలో ఈ వార్త రైలుపెట్టె మొత్తం పాకిపోయింది. పై బెర్తు పెద్దాయన దిగి వచ్చి నా డబ్బాకు నమస్కారం పెట్టాడు. ఒకాయన కింది బెర్తు నాకు ఇచ్చేశాడు. కాదు మొర్రో అని ఎంత మొత్తుకున్నా వినరే! నేను కాదన్నకొద్దీ వాళ్ళకు నమ్మకం పెరిగింది. చివరికి నోరు మూసుకుని వాళ్ళు పెట్టిన థేప్లాలు, అంటే మెంతి రొట్టెలు, తింటూ దర్జాగా కూర్చున్నాను. మెత్తగా, నూనె నూనెగా ఉన్నాయి. మెంతి మాత్రం నాకు అందలేదు.

సూరత్‌లో దిగుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకోబోయి, కరోనా గుర్తొచ్చి ఆగిపోయి, దూరం నుంచే చేతులు జోడించింది. ఆ ఏడాదంతా మనందరి చేతులూ అలా సగం దారిలోనే ఆగిపోయాయి కదా.

ముద్దయిపోయిన పిండికి ఇంత పేరా

హస్ముఖ్‌భాయ్ స్టేషనుకు స్వయంగా వచ్చాడు. గుండ్రటి మనిషి. మాస్కు ఎప్పుడూ గడ్డం కిందే ఉంటుంది, ఎందుకంటే నోరు ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటుంది. "భారతీబెన్, ముందు తిందాం. పని ఎక్కడికీ పారిపోదు" అన్నది ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట. సూరత్‌లో భోజనం, కాశీలో మరణం దొరికితే మనిషికి ఇంకేం అక్కర్లేదని వాళ్ళ సామెతట. మొదటిది తన పూచీ అన్నాడు. రెండోది తొందరలేదన్నాను.

లోచో అని ఒకటి తినిపించాడు. ప్లేటు నలభై రూపాయలు. శనగపిండి ఆవిరి మీద ఉడికించి, ముద్ద ముద్దగా తీసి, మీద వెన్నా సన్న కారప్పూసా ఉల్లిపాయలూ జల్లి ఇస్తారు. ఖమణ్ అని ఇడ్లీలా మెత్తగా పొంగే ముక్కలు చేయబోతే ఎవరికో చెడిపోయి ఇలా అయిందట. మా ఇంట్లో ఇలా చెడిపోతే మా అత్తగారు వారం రోజులు దెప్పేది. ఇక్కడ దుకాణం పెట్టేశారు. పొద్దున్న ఏడింటికే జనం బారులు తీరారు.

"ఎలా ఉంది బెన్?" అన్నాడు ఆశగా. వేడిగా ఉంది, పులుపుంది, పళ్ళ కింద కారప్పూస కరకరలాడుతోంది. అంతకు మించి నాకేం తెలుసు? "అద్భుతం!" అని కళ్ళు మూసుకున్నాను. ఆయన మొహం మతాబులా వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి సిగ్గుపడ్డాను. మధ్యాహ్నం పప్పులో చక్కెర వేసి పెట్టారు. మా రాజమండ్రి నాలుక ఉలిక్కిపడింది, కానీ రెండోరోజుకు అలవాటైపోయింది.

జోల్వా దారిలో కార్ఖానా

కార్ఖానా ఊరి బయట, జోల్వా వెళ్ళే దారిలో. చుట్టూ మగ్గాల షెడ్లు. ఆ చప్పుడు మొదటి గంట తల పగలగొడుతుంది, రెండో గంట నుంచి చప్పుడు ఆగితే తల నొస్తుంది.

ట్యాంకులో మా ఈస్ట్‌ను వదిలే ముందు హస్ముఖ్‌భాయ్ తల్లి వచ్చింది. అందరూ 'బా' అంటారు. ఎనభై దాటిన మనిషి, తెల్ల చీర, గట్టి గొంతు. ట్యాంకుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లోపల ఉన్నవాళ్ళు ఎంతమంది అనడిగింది. కోట్లలో ఉంటారన్నాను. "మరి వాళ్ళందరికీ భోజనం?" అంది కంగారుగా.

చక్కెర పాకం బొట్టుబొట్టుగా పడే గొట్టం చూపించాను. అదేం సరిపోతుందని తల్లీకొడుకులిద్దరూ ఒకేసారి అన్నారు.

"సరిపోకూడదు. ఇవి ఎప్పుడూ అర్ధాకలితో ఉండాలి. అప్పుడే గంధం ఇస్తాయి. కడుపు నిండిందంటే గంధం మానేసి సారాయి చేస్తాయి" అన్నాను. హస్ముఖ్‌భాయ్ మొహం చిన్నబోయింది. "పస్తులుంచి పని చేయించుకోవడమా?" అని గొణిగాడు. నేను పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది.

ట్యాంకు చూసుకునే మనిషి పేరు రాజేశం. పొడుగ్గా, ఎండుగా, యాభై ఏళ్ళవాడు. నేను ఫోన్లో సుజాత మీద తెలుగులో అరుస్తుంటే విని దగ్గరికొచ్చాడు.

"మేడం, మీది ఏ జిల్లా?"

"రాజమండ్రి. ఉండేది హైదరాబాద్. మీదీ?"

"మాది జగిత్యాల దిక్కు. ఇర్వై ఏండ్లు మగ్గం నడిపిన. లాక్‌డౌన్ల సాంచాలన్నీ బందైనై. ఊరికి వోయి మళ్ళొచ్చినంక సేట్ గీ ట్యాంకు కాడ వెట్టిండు. గిది ఏం పురుగు మేడం, గంధం ఇస్తదట?"

ఈస్ట్ సంగతి చెప్పాను. కల్లు పులియడానికి కారణం ఇలాంటిదే అనగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"మేం గౌండ్లోళ్ళం మేడం. మా నాయిన తాళ్ళెక్కిండు, మా తాత ఎక్కిండు. మా కుండల ఉన్నది గీ పురుగేనా? అరె! అయితే మా సుట్టమే గదా!" అని ట్యాంకును చేత్తో తట్టాడు, దూడను తట్టినట్టు.

ఆ రోజు నుంచి రోజుకు మూడుసార్లు నేను ట్యాంకు గొట్టం నుంచి చిన్న గ్లాసులో నమూనా పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసి, "ఊఁ, బాగుంది" అనేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడడం లేదనుకున్నాను.

తాపీ ఒడ్డున పోంక్

నాలుగో రోజు సాయంత్రం హస్ముఖ్‌భాయ్ నన్నూ బానూ కారులో వేసుకుని తాపీ నది ఒడ్డుకు తీసుకెళ్ళాడు. చలికాలమంతా అక్కడ పాకలు వేసి పోంక్ అమ్ముతారు. లేత జొన్నకంకులు నిప్పుల మీద కాల్చి, దులిపి, ఆ పచ్చటి గింజల్లో నిమ్మకాయ కారప్పూస, మిరియాల కారప్పూస, చక్కెర గుళ్ళు కలిపి ఇస్తారు. చూడగానే కేకేశాను: "ఊచబియ్యం!" మా అమ్మమ్మగారింట్లో పొలం గట్టు మీద కాల్చుకు తిన్నవే. మేము ఊరికే పిడికిట్లో నలిపి ఊదుకుని తినేవాళ్ళం. వీళ్ళు దాన్ని పెళ్ళివిందు చేశారు. కిలో నాలుగొందల పైనే చెప్పాడు, బా బేరమాడి యాభై తగ్గించింది.

ఏం హాయిగా గడిచిందో ఆ సాయంత్రం! జనం మాస్కులు ఒక చెవికి వేలాడేసుకుని, దూరం దూరంగా కూర్చోవాలని మొదలుపెట్టి, పావుగంటలో దగ్గరికి జరిగిపోయారు. బా నా చేతిలో గుప్పెడు గుప్పెడు పోస్తూ "ఖా, దీకరీ, ఖా" అంటూనే ఉంది. దీకరీ అంటే కూతురని అప్పటికే తెలిసింది. లేత గింజ పంటికింద చితికి పాలు వచ్చేవి. వాసన లేకపోయినా ఆ మెత్తదనం చాలా బాగుంది, అది మాత్రం అబద్ధం కాదు.

కల్లు

ఐదో రోజు పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళేసరికి రాజేశం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నేను మామూలుగా నమూనా పట్టి ముక్కు దగ్గర పెట్టి "ఊఁ, బాగుంది" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, "మేడం, జర ఇటు రాండ్రి. మీకు వాసన రాదు గదా?" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎవరు చెప్పారు?"

"ఒగలు జెప్పుడేంది? మొన్న మోటారు బెల్టు కాలి కంపు గొడితె అందరం ముక్కులు మూసుకొని ఉరికినం. మీరు మటుకు ఆడనే నిలవడి బిస్కిట్లు తింటుండ్రి." నవ్వలేదు పాపం. "గది సరే గని మేడం, ట్యాంకుల కల్లు వాసన వత్తాంది. మాపటి పోతుకల్లు లెక్క, గుప్పున."

గాలి ఎంత అందుతోందో చూపించే మీటరు ముందురోజే మొరాయించింది. బాగుచేసే మనిషి వస్తానని రాలేదు. నా ముక్కు సంగతి సరేసరి. పరుగెత్తి వెళ్ళి చూద్దును కదా, పాకం గొట్టం బొట్టుబొట్టు కాదు, ధారగా కారుతోంది!

"ఎవరు తిప్పారిది?" అని నేను అరిచిన అరుపుకు మగ్గాల చప్పుడు కూడా వినపడలేదు. హస్ముఖ్‌భాయ్ ఖమణ్ పొట్లంతో వచ్చి, తల దించుకుని నిలబడ్డాడు.

"నిన్న మనం పోంక్ తినడానికి బయల్దేరాం కదా బెన్... మనం తింటూ ఉంటే అవి పాపం పస్తు... కొంచెమే తిప్పాను."

కోపం నసాళానికి అంటింది. మూడేళ్ళ కష్టం, సుజాత, షెడ్డు, అన్నీ ఆ గొట్టంలోంచి కారిపోతున్నట్టే అనిపించింది. నోటికొచ్చినట్టు తిట్టాను, తెలుగులోనే. అర్థం కాకపోయినా ఆయన ప్రతి మాటకూ తలూపాడు. పైగా ఇది మద్యనిషేధం ఉన్న రాష్ట్రం. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను నిజంగానే రెండొందల లీటర్ల కల్లు పెట్టుకుని కూర్చున్నాను, ఇవి పాలని ఎవరిని నమ్మించను?

అరుపులకు బా కూడా వచ్చింది. విషయం విని, కొడుకును ఒక్కటి కూడా అనలేదు. "మా గడప దాటి లోపలికొచ్చిన వాళ్ళని ఆకలితో ఉంచడం మాకు చేతకాదమ్మా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు" అంది. ఆ మాటకు ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది.

చెయ్యాల్సింది ఒకటే ఉంది. పాకం పూర్తిగా ఆపేసి, గాలి మాత్రం బాగా పంపాలి. తినడానికి ఏమీ దొరక్కపోతే ఈస్ట్ తను చేసిన సారాయిని తనే తాగేస్తుంది. అది అయిపోగానే మళ్ళీ సన్నగా పాకం మొదలుపెట్టాలి. ముందే మొదలుపెడితే మళ్ళీ కల్లు. ఆలస్యమైతే ఆకలికి చచ్చిపోతాయి. ఆ సమయం చెప్పాల్సిన మీటరు పడుకుంది. మిగిలింది ముక్కు.

"రాజేశం గారూ, మీరే నా మీటరు" అన్నాను.

ఆ పగలంతా ఆయన ట్యాంకు గాలి గొట్టం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆ ఏడాది మాస్కు ముక్కు కిందికి దింపడానికి న్యాయమైన కారణమున్న మనిషి దేశంలో ఆయనొక్కడేనేమో. పావుగంటకోసారి వాసన చూసి ప్రకటించేవాడు. "ఇంక గుప్పుమంటాంది." "జర తగ్గింది." "గిప్పుడు పొద్దటి కల్లు లెక్కున్నది." హస్ముఖ్‌భాయ్ ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేయలేదు. ప్రాయశ్చిత్తమట. బా బలవంతపెడితే రెండు అరటిపళ్ళు తిన్నాడు.

మూడు దాటాక రాజేశం హఠాత్తుగా లేచాడు. "పోయింది మేడం! కల్లు వోయింది. ఇడువుండ్రి!"

పాకం వదిలాను. కంగారులో ఎక్కువే పడింది. ఆయన నన్ను పక్కకు జరగమని మీట తను పట్టుకున్నాడు.

"తాటిగెల కొసను రేకు మందాన చెక్కాలె. మా నాయిన జెప్తుండె. ఆశవడి లోతుగ కోత్తివా, గెల ఎండిపోతది. పల్చగ చెక్కితె బొట్టు బొట్టు కారుతనే ఉంటది." అలా చెబుతూనే మీటను వెంట్రుకవాసి తిప్పాడు. పుస్తకాల్లో నేను ఇరవై పేజీలు చదివి నేర్చుకున్నది అదే.

గోడాదరాలో ఆదివారం

ఆరో రోజు ఆదివారం. రాజేశం భార్య సత్తవ్వ నన్ను భోజనానికి పిలిచింది. సూరత్‌లో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే పేట గోడాదరా. అక్కడ ఇరుకు సందు, రెండు గదుల ఇల్లు, పక్కింటి టీవీ మనింట్లోనే మోగుతున్నట్టు ఉంటుంది. సందు చివర కొట్టులో సర్వపిండి చేసుకునే బియ్యప్పిండీ, మన పచ్చిమిరపకాయలూ అమ్ముతున్నారు. మా రాజమండ్రిలో సర్వపిండి ఎవరికీ తెలియదు, గుజరాత్‌లో దొరుకుతోంది!

సత్తవ్వ సర్వపిండి, నాటుకోడి కూర, పచ్చిపులుసు పెట్టింది. కోడికూర కారానికి కళ్ళ నీళ్ళు వచ్చాయి. చాలా రోజుల తర్వాత నాలుక మీద ఏదో జరిగింది. "ఇంకొంచెం వెయ్యండి" అన్నాను సిగ్గు విడిచి.

"మమ్మీ, ఆంటీకి థోడా ఔర్ పెట్టు నా" అంది వాళ్ళమ్మాయి శ్రావణి. కాలేజీలో చదువుతోంది. ఒక్క వాక్యంలో మూడు భాషలు దొర్లిస్తుంది.

"మీ నాయినను జూడు, ట్యాంకు కాడికి వోయినకాడికెల్లి ఇంట్ల కూర మాడినా ముందే జెప్తాండు, తిప్పలైతాంది" అని సత్తవ్వ భర్తను చూసి మూతి తిప్పింది. "ఊళ్ళె ఇరువై ఏండ్ల కింద ఇడిశిపెట్టిన పని. గీ సూరత్‌ల అక్కరకొచ్చె. ఎన్నడన్న అనుకున్ననా చెల్లె?"

లాక్‌డౌన్‌లో వాళ్ళు నలభై రోజులు ఈ రెండు గదుల్లోనే ఉండి, రైళ్ళు వదిలాక ఊరికెళ్ళి, అక్కడ పని దొరక్క ఆరు నెలలకు తిరిగి వచ్చారట. చెప్పేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే చెప్పారు. నేను ఆ ఇంటి నుంచి బయల్దేరేటప్పటికి రాజేశం నాకు అన్న అయ్యాడు, నేను ఆయనకు చెల్లెనయ్యాను.

మూడు కాగితాలు

ట్యాంకులో మేము పోసిన నూనె పొర ఒకటి పైన తేలుతుంటుంది. ఈస్ట్ చేసిన గంధం అందులోకి చేరుతుంది. ఏడో రోజు ఆ పొరను తీసి, శుద్ధిచేస్తే బొటనవేలంత సీసాలో సగానికి వచ్చింది. ఎనిమిదో రోజు పొద్దున్న ఆ సీసాను రాజేశం జేబులో పెట్టి, సూరత్ పాత ఊళ్ళో ఫిరోజ్ సాబ్ దుకాణానికి ముగ్గురం వెళ్ళాం. దారిలో హస్ముఖ్‌భాయ్ తినడానికి ఎక్కడా ఆపలేదు. అంత భయంలో ఉన్నాడన్నమాట.

ఫిరోజ్ సాబ్ సన్నటి ముసలాయన. తెల్ల కుర్తా, మాటలు తూచి వేసే మనిషి. మా సీసా తీసుకుని లోపలికి వెళ్ళి, మూడు సన్నటి కాగితపు ముక్కలతో వచ్చాడు. ఒకటి అసలు గంధం నూనె, ఒకటి అంగట్లో దొరికే రసాయనం, ఒకటి మాది. ఏది ఏదో వెనక గుర్తు పెట్టుకున్నాడు. మూడింటినీ నా ముందు పెట్టాడు.

"మా ఇంటి పద్ధతి ఇది బేటీ. బిడ్డను ముందు కన్నతల్లి గుర్తుపట్టాలి. తర్వాతే నేను చూస్తాను."

ఈ పద్ధతి సంగతి నాకెవరూ చెప్పలేదు. హస్ముఖ్‌భాయ్ నవ్వుతూ నా వైపు చూస్తున్నాడు, రోజుకు మూడుసార్లు చూసిన ముక్కు కదా అని. ఒక కాగితం తీసుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాగితం. ఇంకొకటి. కాగితం. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి చూపించవచ్చు. మూడింట ఒక అవకాశం ఉంది. అంత పనీ చేయబోయాను, దాచడమెందుకు. రాజేశం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడి, నన్నే చూస్తున్నాడు.

కాగితం కింద పెట్టేశాను. "నాకు వాసన తెలియదు సాబ్. కరోనా వచ్చాక ముక్కు పోయింది."

"మరి రోజూ బాగుందన్నారు?" అన్నాడు హస్ముఖ్‌భాయ్.

"అబద్ధం చెప్పాను భాయ్. క్షమించండి."

ఫిరోజ్ సాబ్ కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. "ముక్కు పోవడం నీ తప్పు కాదు. లేని ముక్కుతో బాగుందనడం తప్పు. నా వ్యాపారం అంతా నమ్మకం మీదే. ఈ సరుకును నేనెలా నమ్మను?"

ఆయన అన్నదాంట్లో ఒక్కటీ అన్యాయం లేదు. సుజాతకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

"అయితే ట్యాంకును వాసన పట్టి కాచింది ఎవరు?" అన్నాడాయన.

నేను గుమ్మం వైపు చూపించాను. కల్లు సంగతి, గొట్టం సంగతి, స్టూలు సంగతి, అన్నీ చెప్పేశాను. హస్ముఖ్‌భాయ్ తన తప్పు తనే ఒప్పుకుని, వద్దన్నా పోంక్ ధరతో సహా చెప్పాడు. ఫిరోజ్ సాబ్ మూతి బిగించుకున్నాడు, నవ్వాపుకోవడానికని తర్వాత తెలిసింది. రాజేశాన్ని లోపలికి రమ్మన్నాడు.

"నేనేంది సాబ్, నాకేం ఎర్క" అని రాజేశం వెనక్కి జరిగాడు.

"కన్నతల్లి గుర్తుపట్టలేకపోతే పెంచినవాడు గుర్తుపడతాడు. రా."

రాజేశం చేతులు అంగీకి తుడుచుకుని కూర్చున్నాడు. మొదటి కాగితం చూశాడు. తర్వాత తన మోచేతి మడతలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చి, రెండోది చూశాడు. మళ్ళీ మోచేయి. మళ్ళీ మూడోది.

"ఆగు. మధ్యలో చెయ్యి వాసన చూసుకోవడం ఎవరు నేర్పారు?" అన్నాడు ఫిరోజ్ సాబ్ ముందుకు వంగి.

"మా నాయిన, సాబ్. కుండలు ఎంచేటప్పుడు ఒగ కుండ వాసన ఇంకో కుండల గలువకుంట, నడుమ నీ ఒంటి వాసన నువ్వే సూసుకో అంటుండె."

ముసలాయన తన కుర్తా చేతిని మడిచి చూపించాడు. "మా అబ్బాజాన్ నాకు ఇదే నేర్పారు" అన్నాడు.

రాజేశం మూడో కాగితాన్ని పక్కకు తీశాడు. "గిది మనది. మొదటిది గుళ్ళె చెక్క అరగదీసినట్టుంది. రెండోది దుకాణం అగరువత్తి, ముక్కుల గుచ్చుకుంటాంది. మనదాంట్ల చెక్కపొట్టు వాసన లేదు సాబ్, గంధం మటుకే ఉన్నది. నేను కాసింది గిదే."

ఫిరోజ్ సాబ్ అప్పుడు తన మాస్కు దింపి, ఆ మూడో కాగితాన్ని చూశాడు. ఎంతసేపు! తర్వాత దాన్ని వెనక్కి తిప్పి మాకు చూపించాడు. వెనక ఉన్న గుర్తు మాదే.

"ఇంకా చిన్నపిల్ల వాసన. ముసలి చెట్టుకుండే గంభీరం లేదు. కానీ గంధమే. చేయండి. ఒక్క షరతు. ప్రతి ట్యాంకూ ఇతని ముక్కు దాటాకే నా దగ్గరికి రావాలి" అన్నాడు. హస్ముఖ్‌భాయ్ కుర్చీలోంచి లేచి, ఎవరిని కౌగిలించుకోవాలో తెలియక, కరోనా సంగతి గుర్తొచ్చి, గోడకున్న స్తంభాన్ని కౌగిలించుకున్నాడు. నేను సుజాతకు ఫోన్ చేస్తే అది ఒకటే కేక. కడుపుతో ఉన్న మనిషివి అలా అరవకే అని నేనూ అరిచాను.

బయటికి వచ్చేముందు రాజేశాన్ని అడిగాను. మూడేళ్ళు చేసి, ఎనిమిది రోజులు కాచి, ఇప్పటిదాకా నేను దాన్ని చూడనే లేదు కదా. "అన్నా, నాకు చెప్పవూ. ఎలా ఉంది?"

ఆయన సీసా పట్టుకుని ఆలోచించాడు. "ఎట్ల జెప్పాలె చెల్లె... పెండ్లిల మగపెండ్లోళ్ళు ఎండల నడిశి వత్తరు సూడు. కాళ్ళు గుంజుతయ్, గొంతులు ఎండుతయ్, ఎవ్వలికి ఎవ్వలు ఎర్క లేదు. గప్పుడు పందిట్ల ఒగలు ఎదురొచ్చి చేతికి గంధం రాత్తరు. అగో, ఇగ మనోళ్ళే అనిపిత్తది. గట్లున్నది."

ఆయన సీసా మూతకు అంటిన చుక్కను వేలితో తీసి, "చెయ్యి సాపు చెల్లె" అన్నాడు. చాపాను. నా చేతి వెనక రాశాడు, పందిట్లో చుట్టానికి రాసినట్టు. ఏడాదిగా ఇంట్లోవాళ్ళవి తప్ప ఒక మనిషి వేళ్ళు నా చేతికి తగల్లేదు. వాసన రాలేదు. చల్లగా తగిలింది.